ఇంటి లెక్కలు: బొమ్మకార్డులకు గ్రేడు వేయింపవలెనా?



ఈ శీర్షిక క్రింద ప్రతి నెలయు గృహవ్యయమునకు సంబంధించిన విషయ మొకటి ముచ్చటించుట మాకు వాడుక. బంగారమును గూర్చియో, బడిజీతములను గూర్చియో వ్రాయునపుడు ఆ వస్తు వెట్టిదో చెప్పవలసిన పని యుండదు. ఈ నెల విషయ మట్టిది కాదు. మన చదువరులలో కొందఱి యిండ్లలో నిది పిల్లల నోట దినదినమును వినబడుచున్నది. మఱికొందఱికి బొత్తిగా క్రొత్తది. కావున ఎఱిగినవారు కొంచెము ఓర్చుకొన వేడెదము.

అమెరికాలో టెక్సాసు రాష్ట్రమున కాపురముండు సోదరి యొకరు మాకొక లేఖ వ్రాసినారు. ఆమె కుమారునకు పండ్రెండేండ్లు. ఆఱేండ్లుగా పోకెమాన్ బొమ్మకార్డులను కూర్చుచు మూడువందలకు పైగా సంపాదించినాడట. వానిలో నూఱింటిని ఏఱి, గ్రేడు వేయు సంస్థకు పంపవలెననియు, పుట్టినరోజునకు తనకు వేఱు కానుక వలదనియు పట్టుపట్టి కూర్చున్నాడు. అట్టముక్కలకు అంత ధనమా యని తండ్రి కసరుచున్నాడు. రేపు తన కాలేజీ జీతము వీనినుండియే వచ్చునని పిల్లవాడు వాదించుచున్నాడు. ఇంటిలో పదిదినములుగా తండ్రీకొడుకులకు సరిగా మాటలు లేవు. ఎవరి మాట న్యాయమో, ఈ లెక్క చూచుట యెట్లో తెలుపుడని ఆ సోదరి కోరినారు. ఈ ప్రశ్న ఆమె యొక్కరిది మాత్రమే కాదని తోచి, సమాధానము నిచ్చటనే వ్రాయుచున్నాము.

ముందుగా ఈ వేడుక యెట్టిదో చెప్పుదుము. అమెరికాలో నూఱేండ్లకు పూర్వమే సిగరెట్టు పెట్టెలలో బేస్‌బాల్ ఆటగాండ్ర బొమ్మలు పెట్టి అమ్ముచుండిరి. తరువాత బబుల్‌గమ్ము పొట్లములలో పెట్టిరి. జపానులో 1996లో పోకెమాన్ కార్డుల ఆట పుట్టి, 1999లో అమెరికాకు వచ్చెను. కార్డు 63 మిల్లీమీటర్ల వెడల్పు, 88 మిల్లీమీటర్ల పొడవు గలిగి అఱచేతిలో నిముడును. మన యిండ్లలో 1990 తరువాతి సంవత్సరములలో పెరిగిన తల్లులు, తాము దాచుకొన్న క్రికెట్టు బొమ్మలను, ట్రంపుకార్డులను తలచుకొందురేని ఈ మోజు నర్థము చేసికొనుట కష్టము కాదు.

అయితే మన ట్రంపుకార్డులకు లేని దొకటి వీనికి కలదు; అది అంగడి. 1952లో టాప్స్ కంపెనీవారు అచ్చువేసిన మికీ మాంటిల్ అను ఆటగాని కార్డొకటి 2022 ఆగస్టులో 1,26,00,000 డాలర్లకు వేలములో పోయెను. 1999 నాటి మొదటి ముద్రణ పోకెమాన్ కార్డులలో చారిజార్డ్ అను దానిది, పదికి పది గ్రేడు వచ్చిన ప్రతి యొకటి, 2022 మార్చిలో 4,20,000 డాలర్లకు అమ్ముడుపోయెను. ఇట్టి వార్తలు చెవిని బడిన పిల్లవాడు తన పెట్టెలోని ప్రతి కార్డును నిధివలె చూచుటలో వింత లేదు. కొడుకులు పెద్దవారై యిల్లు విడిచిన పిమ్మట తల్లులు ఆ పెట్టెలను చెత్తలో పారవేయుటచేతనే పాత కార్డు లింత అరుదైనవని ఆ దేశమున వాడుకగా చెప్పుకొందురు. కావున ఆ పెట్టె జోలికి పోవునపుడు తల్లి యొకింత నిలిచి యోచించుట మంచిదే.

ఇక గ్రేడు వేయుట యన నేమి? కార్డును సంస్థవారికి పంపినచో వారు మూడు సంగతులు చూతురు. కార్డు అసలైనదా, దొంగ ముద్రణయా? దానిని ఎవరైన కత్తిరించిరా, రంగు పూసిరా? అది యెంత చెక్కుచెదరక యున్నది? ఇవి తేల్చి, 1 మొదలు 10 వఱకు నొక యంకె వేసి, కార్డును గట్టి ప్లాస్టిక్ పలకలో మూసి, పైన గుర్తుసంఖ్య గల చీటి నుంచి తిరిగి పంపుదురు. ఈ పనికై కాలిఫోర్నియాలో 1991లో వెలసిన ప్రొఫెషనల్ స్పోర్ట్స్ ఆథెంటికేటర్, అనగా పి.ఎస్.ఏ., అందఱికంటె ప్రసిద్ధి కెక్కినది. బెకెట్, ఎస్.జి.సి., సి.జి.సి. అను సంస్థలును కలవు.

మన స్త్రీలకు దీనిని బంగారముతో పోల్చి చెప్పిన సుబోధముగా నుండును. భారతదేశమున 2023 ఏప్రిల్ 1 నుండి ఆఱు అక్షరాంకెల హాల్‌మార్కు గుర్తు లేని నగను అంగడిలో అమ్మరాదని నిబంధన వచ్చినది. ఆ గుర్తు బంగారపు వన్నెను తెలుపును. కార్డుపై వేయు గ్రేడును అట్టి గుర్తే. కాని భేద మొకటి గలదు. నగను కరగించినను బంగారము బంగారమే. ఏ గీటురాయిపై గీచినను వన్నె మారదు. కార్డు అట్టిది కాదు. దానియందు కోరిక గలవా రున్నంతవఱకే దానికి వెల. గ్రేడు సైతము పరీక్షించువారి కంటికి తోచిన యభిప్రాయమే. ఒకసారి 9 వచ్చిన కార్డు మఱల పంపగా 10 వచ్చుటయు, 8 వచ్చుటయు వినుచునే యున్నాము.

దీని కొక ప్రసిద్ధమైన నిదర్శనము కలదు. 1909, 1911 సంవత్సరముల నడుమ ఒక పొగాకు కంపెనీ వేసిన హోనస్ వాగ్నర్ అను ఆటగాని కార్డులు నేడు ఏబది అఱువది మాత్రమే మిగిలియున్నవని అంచనా. వానిలో నొకటి పి.ఎస్.ఏ. వారు గ్రేడు వేసిన మొట్టమొదటి కార్డు. దానికి వచ్చినది 8. ఆ కార్డే 2007లో 28,00,000 డాలర్లకు అమ్ముడుపోయెను. పూర్వము దానిని చేతులు మార్చిన బిల్ మాస్ట్రో యను వేలమువ్యాపారి, 2013లో న్యాయస్థానమున నేర మొప్పుకొనుచు, దాని యంచులను తాను కత్తిరించిన మాట నిజమేనని యంగీకరించెను. కత్తిరించిన కార్డునకు అంకెయే వేయరాదని నియమము! గ్రేడు చీటిని వేదవాక్యముగా గైకొనరాదని చెప్పుటకే యీ సంగతి తెలిపితిమి. అయినను, అమ్మువాని మాటకంటె మూడవవాని మాటను కొనువారు హెచ్చుగా నమ్ముదురు గనుక, ఆ చీటికి అంగడిలో విలువ యుండుట మాత్రము నిజము.

ఇప్పుడు లెక్కకు వచ్చెదము. 2025లో పి.ఎస్.ఏ. వారి తక్కువ తరగతి సేవలకు కార్డొక్కింటికి రుసుము 20 మొదలు 30 డాలర్ల ప్రాంతమున నుండెను. ఇది తరచు మారుచుండును గావున పంపునాటి పట్టికనే చూచుకొనవలయును. కార్డు విలువ హెచ్చినకొలది రుసుమును హెచ్చును. గ్రేడు వచ్చిన పిదప దాని విలువ ఆ తరగతికి విధించిన మితిని దాటెనేని మిగిలిన రుసుము వసూలు చేయుదురు. రాకపోకల తపాలా, భీమా వ్యయములు వేఱు. అమ్మదలచినచో ఈబే వంటి అంగళ్లవారు నూటికి సుమారు 13 వంతులు పట్టుకొందురు.

ఉదాహరణమునకై మేమే కొన్ని యంకెలు వేసికొందుము. గ్రేడు లేని కార్డొకటి 40 డాలర్లకు పోవుననుకొందము. దానికే 8 వచ్చిన 45, 9 వచ్చిన 70, 10 వచ్చిన 200 డాలర్లు పలుకుననుకొందము. గ్రేడు రుసుము 25, తపాలా వంతు 8, మొత్తము 33 డాలర్లు వ్యయము. అంగడివారి వంతు పోగా చేతికి వచ్చునది చూడుడు. గ్రేడు లేక అమ్మిన 35 డాలర్లు. 8 వచ్చిన, వ్యయము పోను 6 డాలర్లు. 9 వచ్చిన 28 డాలర్లు. 10 వచ్చిన 141 డాలర్లు. అనగా 9 వచ్చినను, ఊరక అమ్మినదానికంటె 7 డాలర్లు నష్టమే! పదికి తొమ్మిది మార్కులు వచ్చినచో బడిలో పిల్లవానిని మెచ్చుకొందుము; ఈ అంగడిలో తొమ్మిదికిని పదికిని నడుమ నున్న దూరము, ఎనిమిదికిని తొమ్మిదికిని నడుమ నున్నదానికంటె ఎన్నియో రెట్లు పెద్దది.

అట్టి కార్డులు పది పంపితిమనుకొందము. మూడింటికి 10, అయిదింటికి 9, రెండింటికి 8 వచ్చినచో చేతికి 575 డాలర్లు వచ్చును. గ్రేడు లేక అమ్మిన 350 మాత్రమే. ఇది లాభము. కాని ఒక్కదానికే 10, అయిదింటికి 9, నాలుగింటికి 8 వచ్చినచో వచ్చునది 305. అనగా 45 డాలర్ల నష్టము. రెండు పక్షములందును ముందుగా 330 డాలర్లు చెల్లించి నెలల తరబడి వేచియుండవలయును. 2021 మార్చిలో కార్డులు కుప్పలుగా వచ్చిపడగా పి.ఎస్.ఏ. వారు తీర్చలేక, చాల తరగతుల సేవలను కొంతకాల మాపివేసిరి. ఈ నడుమ కాలములో అంగడి ధర పడిపోయిన అడుగువారు లేరు. అన్నిటికిని పది వచ్చునను ధీమాతో లెక్క వేయుట, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగ మన్నట్లుండును. వచ్చునని యాశించు గ్రేడుతో గాక, రాదగిన గ్రేడుతో లెక్క వేయవలెను. 9 వచ్చినను నష్టము లేని కార్డునే పంపుట మేలు.

రాదగిన గ్రేడు ఇంటిలో కొంతవఱకు తెలిసికొనవచ్చును. భూతద్దమును, స్కేలును, మంచి దీపమును చాలును. మొదట బొమ్మ చుట్టునున్న అంచులను కొలువుడు. ఎడమ యంచు 3 మిల్లీమీటర్లును, కుడి యంచు 2 మిల్లీమీటర్లును ఉన్నచో అది 60కి 40 పాలు. పి.ఎస్.ఏ. వారి 10 గ్రేడునకు ముందువైపున సుమారు 55కి 45 లోపల నుండవలయును గావున, ఆ కార్డు మిగిలినవిధముల నెంత చక్కగా నున్నను దానికి 9 మించి యాశింపరాదు. పిదప నాలుగు మూలలను చూడుడు. తెల్లబడినను, మొద్దుబాఱినను లోపమే. వెనుకవైపు అంచుల వెంబడి తెల్లని చుక్కలు పోకెమాన్ కార్డులకు మిక్కిలి సామాన్యముగా నుండును. తుదకు కార్డును దీపము క్రింద ఏటవాలుగా పట్టి చూచినచో ఉపరితలముమీది గీతలు, నొక్కులు బయటపడును. పొట్లములోనుండి తీసినదినముననే ఇట్టి లోపము లుండవచ్చును. అచ్చుయంత్రమును కోతయంత్రమును పిల్లవాని భాగ్య మెఱిగి పనిచేయవు గదా.

ఇచ్చట మన సోదరీమణులకొక హెచ్చరిక. మచ్చ కనబడిన తుడువబోవుట మన చేతుల స్వభావము. తడిగుడ్డతో కార్డును తుడువకుడు. పై మెఱుగు చెడును. మొద్దుబాఱిన యంచును కత్తెరతో సరిచేయుటయు, తెల్లబడిన మూలకు సిరా పూయుటయు చేయనే కూడదు. బయటపడిన అంకె రాక, మార్పు చేయబడినదని చీటి పడును. బయటపడకున్నను అది కొనువానిని వంచించుటయే. పిల్లవాడు కార్డులతోపాటు దేనిని నేర్చుకొనుచున్నాడో తల్లి కనిపెట్టి యుండవలెను.

గ్రేడు వేయింపదగిన సందర్భములు ఏవి? మొదటిది, విలువ గల కార్డును నిజముగా అమ్మదలచినపుడు. రెండవది, పాత కార్డు అసలుదో కాదో సందేహమున్నపుడు. 1999 నాటి మొదటి ముద్రణ కార్డువంటి దానికి దొంగప్రతులు పెక్కు గలవు గావున అంకె తక్కువైనను చీటికి విలువ యుండును. మూడవది, పెద్దలు కూర్చిన కార్డులను వారసులు పంచుకొనునపుడు గాని, భీమా చేయించునపుడు గాని. ఇవి కాక, ఊరక దాచుకొనుటకే యైనచో మెత్తని ప్లాస్టిక్ తొడుగును, దానిపై గట్టి తొడుగును చాలును. ఖర్చు కొన్ని సెంట్లు మాత్రమే.

వేయింపరాని సందర్భములు ఇంతకంటె పెక్కు. లక్షలకొలది అచ్చయిన కార్డునకు 10 వచ్చినను అట్టివి వేలకొలది యుండును. 1980 తరువాతి దశాబ్దపు చివరి భాగమునుండి కొన్నేండ్లు బేస్‌బాల్ కార్డులను మితిమీరి అచ్చువేయగా, నేటికిని వానిలో చాలవానికి రుసుమంత వెలయైన రాదు. ఏ కార్డుకు ఏ గ్రేడు ఎన్నింటికి వచ్చినదో సంస్థవారే లెక్కల పట్టిక ప్రకటింతురు. పంపకమునుపే దానిని చూడవలెను. ఈబేలో ధర చూచునపుడు అడుగుచున్న వెలను గాక, అమ్ముడుపోయిన వెలనే చూడవలెను. అడుగువాని నోటికి హద్దేమి?

తెలుగుదేశమున నున్న సోదరీమణులకు వేఱుగా నొక మాట. మన పట్టణములలోని ఫ్యాన్సీ దుకాణములలో బంగారు రంగున తళతళలాడుచు చవుకగా దొరకు పోకెమాన్ కార్డులు చాలవఱకు నకళ్లు. పిల్లలు వానితో ఆడుకొనవచ్చును గాని వానికి గ్రేడు గీడు అను మాట యెత్తరాదు. అసలు కార్డే యైనను, ఇచ్చటినుండి అమెరికాకు పంపి తిరిగి తెప్పించుకొనుటకు తపాలా, సుంకము, పోయిన దిక్కెవ్వరను భయము కలియును. మిక్కిలి విలువగల దైనగాని ఈ శ్రమ తగదు. ఇచ్చట చేయవలసినది వేఱొకటి: వానకాలపు చెమ్మకు మెఱుపుకార్డులు వంగిపోవును గనుక వానిని పొడిచోట, ఎండ తగులకుండ, సిలికా పొట్లముతో కలిపి మూతపెట్టెలో నుంచుడు.

పంపుటకే నిశ్చయించినచో కార్డును మెత్తని తొడుగులో నుంచి, దానిని వంగీ వంగని పలుచని ప్లాస్టిక్ తొడుగులో నుంచవలయును. దానిని రెండు అట్టల నడుమ పెట్టి కట్టవలయును. టేపు కార్డునకు గాని తొడుగునోటికి గాని తగులనీయరాదు. పంపకమునుపు రెండువైపుల ఫోటోలు తీసి, పట్టిక వ్రాసి యుంచుకొనవలయును. తిరిగివచ్చిన పిమ్మట పలకమీది గుర్తుసంఖ్యను సంస్థవారి లెక్కలలో సరిచూడవలయును. ఇతరులవద్ద పలకతో సహా కొనునపుడును ఇది తప్పక చేయవలసినది, ఏలయన నకిలీ పలకలును అంగడిలో నున్నవి.

ఇక టెక్సాసు సోదరికి మా సమాధానము. నూఱు కార్డులు పంపిన, పై లెక్క చొప్పున 3,300 డాలర్లు. ఇది పుట్టినరోజు కానుక కాదు, వ్యాపారపు పెట్టుబడి. దీనికి మేము ఒప్పుకొనము. అయితే ఊరక కాదన్నచో పిల్లవానికి మిగులునది కోపము మాత్రమే. ఆదివారమునాడు తండ్రిని కూడ కూర్చుండబెట్టుకొని ముగ్గురును మూడువందల కార్డులు బల్లమీద పఱచుడు. స్కేలును భూతద్దమును పిల్లవాని చేతికే యిండు. మొదట అమ్ముడుపోయిన వెలలు చూచి, గ్రేడు వచ్చినను రుసుమంతయైన రానివానిని తీసివేయుడు. మూడువందలలో రెండువందల యెనుబదైన ఈ మెట్టున తొలగునని మా యూహ. మిగిలినవానిలో మేలైన అయిదింటిని వాడే యేఱి, ఏ దానికి ఏ గ్రేడు వచ్చునో తన చేతితో కాగితముపై వ్రాసి తండ్రి కీయవలెను. ఆ అయిదింటి వ్యయము, సుమారు 165 డాలర్లు, మీ కానుకగా నిండు. పలకలు వచ్చిన దినమున ఆ కాగితమును తెఱచి చూచుకొందురు గాక. వాని యంచనా సరియైన మఱుసటేడు ఇంకను పంపవచ్చును. తప్పిన, ఎచ్చట తప్పెనో వానికే తెలియును. తొంబదియైదు కార్డుల రుసుము ఇంటిలోనే మిగిలియుండును. కాలేజీ జీతమునకు మొదటి పునాదిగా దానినే బ్యాంకులో వేయవచ్చును.

మఱియొక మాట. పలకలో మూసిన కార్డుతో ఆట సాగదు. ఆఱేండ్ల వయసున తాను మొట్టమొదట సంపాదించిన కార్డో, దూరమైన స్నేహితుడు మార్చుకొని యిచ్చిన కార్డో ఆ పెట్టెలో నుండును. మూలలు నలిగి యుండును. సంస్థవారు దానికి నాలుగో అయిదో వేయుదురు. దానిని ఏ రాశిలో పెట్టవలెనో పిల్లవానినే యడుగుడు. ఆ కార్డులు వాని సొత్తు. వాని కెఱుకలేక ఒక్కటైనను అమ్మకుడు, పంపకుడు, పారవేయకుడు. ఇంటిలో తన వస్తువునకు భద్రత గలదని నమ్మిన పిల్లవాడు, ధనము విషయమున పెద్దల మాట వినుటకును వెనుదీయడు.

కార్డులే కాక, పాత నాణెములు, తపాలాబిళ్లలు మొదలగువానిని దాచుకొన్న చదువరులు తమ సందేహములను మాకు వ్రాసిన, వీలువెంబడి ముచ్చటింతుము.